కొసరు నిజం

వ్యాపారం మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి: అద్దె తోపుడు బండి ఒకటి, కుర్చీలు మూడు, రోజుకు ఇరవై నిమిషాలు వెనకబడే గోడ గడియారం ఒకటి, మా మేనమామ నేర్పిన కిటుకు ఒకటి. కుర్చీల్లో ఒకదానికి వెనక కాలు పొట్టి. గడియారం సంగతి చెప్పనే చెప్పాను. కిటుకు ఒక్కటే ఏ లోపమూ లేని సరుకు అనుకున్నాను. ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

మా మామయ్యదీ పాత సామాన్ల వ్యాపారమే. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర కొని, కొత్తగా కాపురం పెట్టేవాళ్ళకి అమ్మడం. మొదటిరోజు నేను మూడు కుర్చీలూ తళతళలాడేలా తుడిచి, "బంగారంలాంటి కుర్చీలు" అని కేకలు పెడుతుంటే, వెనక నుంచి వచ్చి మెడ మీద ఒక్కటి వేశాడు.

"బంగారమైతే నీ బండి మీదెందుకుంటాయిరా, అల్లుడూ? వచ్చేవాడు ఒక చేతిలో డబ్బు, ఇంకో చేతిలో అనుమానం పట్టుకుని వస్తాడు. ఆ అనుమానానికి ఆకలెక్కువ. నమలడానికి నువ్వే ఏదో ఒకటి వెయ్యాలి. వెయ్యలేదనుకో, బండి మొత్తం నమిలేస్తుంది."

"ఏం వెయ్యమంటావు మామయ్యా?"

"ఒక లోపం. ఒక్కటే. నిజమైందే అయ్యుండాలి, అబద్ధం పనికిరాదు. చిన్నదై ఉండాలి. కంటికి కనబడేదై ఉండాలి. వాడు చూడకముందే నువ్వు చెప్పాలి, అదీ గొంతు కాస్త తగ్గించి. ఇక వాడు వెతకడం మానేస్తాడు. కూరగాయలావిడ బేరమయ్యాక రెండు మిరపకాయలు కొసరు పడేస్తుంది చూడు, అలా నిజాన్ని కొసరు వెయ్యి. కొసరు చేతిలో పడ్డాక తూకం ఎవడు చూస్తాడు?"

ఆ రోజు సాయంత్రానికి రెండు కుర్చీలూ గడియారమూ అమ్ముడయ్యాయి. పొట్టి కాలు కుర్చీ మాత్రం మిగిలింది. దాని లోపం కొసరుకు పెద్దదైపోయింది. దాని మీద నేనే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

నా జీవితంలో నేను అబద్ధం ఆడలేదు. ఈ మాట రాసుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఒక ఉదాహరణ చెప్తాను. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఇనప బీరువా చూడడానికి వచ్చారు.

"మాస్టారూ, ముందే చెప్తున్నాను. ఎడమ తలుపు కాస్త పైకెత్తి మూయాలి. లేకపోతే పడదు" అన్నాను, గొంతు తగ్గించి.

ఆయన తలుపు మూశారు. పడలేదు. పైకెత్తి మూశారు. పడింది. బోర్డు మీద లెక్క సరిగ్గా చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు నావైపు చూశారు.

"ఈ రోజుల్లో ఉన్నమాట చెప్పేవాడు ఎక్కడున్నాడయ్యా!"

బీరువా అడుగు రేకు తుప్పు పట్టిందనీ, దాని మీద నేను రెండు పూతలు రంగు వేశాననీ ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధం ఎక్కడుందో చూపించండి. నిజమంటే ఏమిటని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, టకీమని చెప్పేవాణ్ణి: కొనేవాడు వెతకడం మానేసే చోటు.

అప్పటి నుంచి నా పేరే "ఉన్నమాట" అయింది. కొట్టు పెట్టాక అది "ఉన్నమాట కొట్టు" అయింది. పోస్టుమ్యాన్ కూడా ఇంటి నంబరు చూడడం మానేశాడు.

పెళ్ళి కూడా అదే లెక్కలో చేసుకున్నాను. మాటలకి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళంతా ఉండగా ఆ అమ్మాయి తలెత్తి, "ముందే చెప్తున్నానండీ, నాలో ఒక లోపం ఉంది. నా నోట్లో మాట ఆగదు" అంది. అందరూ నవ్వారు. మా మామయ్య నా తొడ గిల్లాడు. నాకు లోపల్లోపల పండగైపోయింది. వ్యాపారం తెలిసిన పిల్ల దొరికిందనుకున్నాను. ఇంకేమీ అడగకుండా సరేనన్నాను.

కాపురానికి వచ్చిన రెండో నెలలోనే ఆవిడ కొట్లో ఒక కొత్త పద్ధతి పెట్టింది. మా కొట్టుకి ముందు గది, వెనక చిన్న వాకిలి, వాకిట్లో కుళాయి. అమ్మిన సామాను ఏదైనా సరే వెనక వాకిట్లో తడిగుడ్డతో తుడిచి, వెనక సందులోంచి బండి ఎక్కించాలి. కొన్నవాళ్ళు అక్కడే నిలబడి చూసుకోవచ్చు.

"అమ్మేశాక తుడవడం ఎందుకు? తుడిచేది అమ్మకముందు కదా" అన్నాను.

"మురికితో పంపితే పోయేది మీ పేరేనండీ" అంది.

పేరు అనగానే ఊరుకున్నాను. ఆవిడ తుడుపుతో వచ్చిన చిక్కల్లా సమయమే. ఒక స్టూలుకి ఇరవై నిమిషాలు, బీరువాకి ముప్పావుగంట. "నువ్వు కడిగేది ఏనుగునా, కుర్చీనా?" అని నేను ముందు గదిలోంచి అరిచేవాణ్ణి. "మూలల్లో దుమ్ముంటుందండీ" అని లోపలి నుంచి జవాబు వచ్చేది. అప్పుడప్పుడు తుడుస్తుండగానే కొన్నవాళ్ళు మనసు మార్చుకునేవాళ్ళు. ఆవిడే వచ్చి, "ఇంట్లో చోటు చాలదట, పాపం" అని సర్దిచెప్పేది. ఎక్కడైనా పదిమందిలో ఒకళ్ళు అలాంటివాళ్ళు ఉంటారు. లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కలోకి తీసుకున్నది ఒక్కటే. ముప్పై ఏళ్ళలో నా కొట్టు నుంచి వెళ్ళి, తిరిగి వచ్చిన సామాన్లు రెండు. అందులో ఒకటి పొరపాటున వేరే ఇంటికి దింపింది. పాత సామాన్ల వ్యాపారంలో ఇలాంటి లెక్క ఎవరికీ లేదు. మా మామయ్యకే లేదు. ఆయన ప్రతి నాలుగేళ్ళకీ వీధి మార్చేవాడు.

ఇక మా అమ్మాయి సంగతి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేసేది. జనం కాళ్ళు విరిగిన సంగతులకి ఫైళ్ళు కట్టి, వాటిలో ఏది నమ్మకూడదో పెన్సిల్‌తో గీత గీయడం దాని పని. నాలుగేళ్ళకి దానికి అన్నం సయించడం మానేసింది. నాతో పాటు కొట్లో కూర్చున్న ఆదివారాలు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

"నాన్నా, మెయిన్ రోడ్డులో ఒక కొట్టు ఖాళీగా ఉంది. నేను పెడతాను. ఆరు నెలల్లోపు ఉత్తరం రాస్తే మళ్ళీ తీసుకుంటామన్నారు ఆఫీసులో. నిలబడితే కొట్టు, లేకపోతే ఆ కుర్చీ. కానీ ఈసారి ఆ కుర్చీలో కూర్చున్నానంటే ఇక రిటైరయ్యేదాకా లేవను" అంది.

కూర్చుని లేవలేని కుర్చీ గురించి నాకు తెలుసు. "పెట్టవే, కిటుకు మన దగ్గరుండగా భయమేంటి?" అన్నాను.

మామయ్య నాకు చెప్పింది చెప్పినట్టు దానికి చెప్పాను. ఒక్క లోపం, నిజమైంది, చిన్నది, కనబడేది, ముందే, గొంతు తగ్గించి. అది చురుకైన పిల్ల. నాకంటే బాగా గొంతు తగ్గించేది.

మెయిన్ రోడ్డు కొట్టుకి ముందంతా అద్దాలే. ఒకపక్క జిరాక్సు షాపు, ఇంకోపక్క పళ్ళ డాక్టరు. వెనక వాకిలి లేదు, గోడే. సామాను పొద్దున్నే తుడిచి పెట్టడం, అమ్మగానే ముందు నుంచే బండి ఎక్కించడం. ఎంత హాయి! బేరం కుదిరిన ఐదు నిమిషాల్లో సామాను రోడ్డెక్కేది. తుడుపు బాధ తప్పిందని నేను సంతోషించాను కూడా.

మొదటి నెల పదకొండు అమ్మింది, నాలుగు తిరిగొచ్చాయి. రెండో నెల తొమ్మిది అమ్మితే ఆరు తిరిగొచ్చాయి. మూడో నెలలో కుట్టుమిషన్ కొన్న టైలరమ్మ దాన్ని ఆటోలో వేసుకొచ్చి, పళ్ళ డాక్టరు దగ్గర దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా లేచి చూసేలా గుమ్మంలో దింపింది.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా, పెడల్ కిర్రుమంటోంది. కిర్రుమననీ, నేను పాట అనుకుంటాను. బెల్టు జారుతుందని ఎవరు చెప్తారు? స్కూలు యూనిఫారాలు ముప్పై జతలు పెట్టుకున్నాను. ఎవరు కుడతారు, మీ నాన్నా?"

"అక్కా, నేను అబద్ధం చెప్పలేదు కదా" అంది మా అమ్మాయి.

"అబద్ధం చెప్పినా బాగుండేది తల్లీ, కనిపెట్టేదాన్ని. నువ్వు నిజం చెప్పి ముంచావు."

నేను ఈ మాట విని, అమ్మాయికి ఇంకా అనుభవం చాలలేదని తేల్చాను. అయిదో నెలలో పాత కొట్టు మా ఆవిడకి అప్పజెప్పి, నా పొట్టి కాలు కుర్చీతో సహా వెళ్ళి మెయిన్ రోడ్డులో కూర్చున్నాను. అప్పటికే అమ్మాయి ఆఫీసుకి ఉత్తరం రాసి సొరుగులో పెట్టుకుంది. తారీఖు వేయడమే మిగిలింది. నేను చూసీ చూడనట్టు సొరుగు మూశాను.

మర్నాడే మంచి బేరం తగిలింది. మా పాత వీధిలో బేకరీ నడిపే ఆయన వచ్చాడు. అత్తగారికి మంచం కావాలన్నాడు.

"ముందే చెప్తున్నాను, తలవైపు చెక్క మీద ఇంత గీత ఉంది" అన్నాను.

"నీ దగ్గర చూసేదేముందిలే అన్నయ్యా" అని అప్పటికప్పుడు తీసుకెళ్ళాడు. అమ్మాయి వైపు గర్వంగా చూశాను. అది కూడా నా వైపు ఆశగా చూసింది.

మూడోరోజు పొద్దున మంచం రెండు ముక్కలుగా వచ్చింది, వెనకాల పిండి చేతులతో బేకరీ ఆయన.

"గీత సంగతి చెప్పావు. మధ్య బద్ద అతుకని చెప్పావా? మా అత్త నడుం పట్టేసింది. తగ్గేదాకా మా ఇంట్లోనే ఉంటుందట. రెండు రోజులకని వచ్చిన మనిషి!"

"నువ్వు అడగలేదు" అన్నాను.

"నీ పాత కొట్లో మాత్రం అడిగానా? అడక్కుండానే చెప్పలేదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరంటావేంటయ్యా, మా వదిన. మీ ఆవిడ! ఎనిమిదేళ్ళ కింద నీ దగ్గర టేబుల్ కొన్నానా? నువ్వు సొరుగు బిగువన్నావు. వెనక వాకిట్లో ఆవిడ తుడుస్తూ, 'తమ్ముడూ, నాలుగో కాలుకి చెదలు పట్టి కోసి అతికారు, తడి నేల మీద పెట్టకు, కింద ఇటుక పెట్టు' అంది. ఇటుక పెట్టాను. ఈ రోజుకీ పిండి దాని మీదే పిసుకుతున్నాను."

ఆయన కాస్త తగ్గి, "అది మీ ఇద్దరి పద్ధతనుకున్నాం అన్నయ్యా. ముందు నువ్వు చిన్నది చెప్తావు, వెనక ఆవిడ పెద్దది చెప్తుంది. ఉన్నమాట కొట్టు అంటే అదే కదా. వీధి వీధంతా అలాగే అనుకుంటోంది" అన్నాడు.

అమ్మాయి నా వైపు చూసింది. దానికీ తెలియదు. అది ఎప్పుడూ నా పక్కనే ముందు గదిలో కూర్చుని నేర్చుకుంది. వెనక వాకిలంటే దానికీ నాకూ తడిగుడ్డలు, బురద.

విన్నది నమ్మడం నా వృత్తి కాదు. మర్నాడు పాత కొట్లోనే ఉండి, ఒక నర్సమ్మకి ఫ్రిజ్ అమ్మాను. లోపల లైటు వెలగదని ముందే చెప్పాను. సామాను వెనక్కి పంపి, టీ తాగొస్తానని కేకేసి, పక్క సందులోంచి తిరిగి మా గోదాం గదిలో దూరాను. దాని కిటికీ వాకిట్లోకి ఉంటుంది. నా సొంత కొట్లో నేనే దొంగలా రెండు పరుపుల మధ్య నిలబడ్డాను.

కుళాయి కట్టేసిన చప్పుడు. తర్వాత మా ఆవిడ గొంతు.

"ఏం చెప్పారమ్మా ఆయన?"

"లైటు వెలగదన్నారు పిన్నిగారూ."

"వెలక్కపోతే మానె, లోపల ఏం పెట్టావో నీకు తెలీదా? ఇటు వంగు. ఈ తలుపు రబ్బరు కింద మూల వదిలేసింది చూశావా? చల్లదనమంతా ఇక్కడే పోతుంది. ముందు ఇది మార్పించు. వీధి చివర మెకానిక్‌కి నేను పంపానని చెప్పు. ఇంకోటి. దీని మోటారు రెండేళ్ళకి మించి రాదు. ఎన్నాళ్ళకని కొంటున్నావు?"

"రెండేళ్ళలో మాకు బదిలీ అయిపోతుంది పిన్నీ."

"అయితే నీకు సరిగ్గా సరిపోతుంది, తీసుకెళ్ళు. మొన్న ఒక పిల్లల తల్లి తీసుకోబోతే నేనే వద్దన్నాను. పదేళ్ళు రావాలంది."

మొన్నటి ఆ తల్లి. ఇంట్లో చోటు చాలలేదట, పాపం.

"బాబాయిగారికి ఇవన్నీ తెలియవా?"

"తెలియకేం! ఒక్కటి చెప్పాక ఇక నోరు పెగలదు, ఏం చేస్తాం. డాక్టరు దగ్గరా అంతే. మోకాలి నొప్పని చెప్పి, గుండెల్లో మంట సంగతి మింగేసి వస్తారు. నేను వెనకాలే వెళ్ళి చెప్పొస్తాను. ఆయన వస్తే మాత్రం మనం దుమ్ము గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండు, సరేనా?"

మోకాలి నొప్పికి మంట మాత్రలు రాసిచ్చిన ఆ డాక్టరు మహా తెలివైనవాడని నేను కనీసం ఇరవైమందికి చెప్పాను. పరుపుల మధ్య నిలబడి ఆ ఇరవైమందినీ లెక్కపెట్టుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"దుమ్ము."

ఆవిడ గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది. "వచ్చిన రెండో నెల నుంచి."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పానుగా. మీ మామయ్యగారూ, మా నాన్నా, అందరూ ఉండగానే చెప్పాను. నా నోట్లో మాట ఆగదని. మీరు సంతోషపడిపోయి ఇంకేమీ అడగలేదు."

నిజమే. ఒక్క లోపం. చిన్నది. ముందే చెప్పింది. నేను వెతకడం మానేశాను. నా కిటుకుతోనే నన్ను కొనుక్కుని, ముప్పై ఏళ్ళు వాడుకుంది.

"పోనీ, వాళ్ళకెందుకు చెప్పడం? బేరాలు పోలేదా?"

"కొన్ని పోయాయి. పోయినవాళ్ళు వేరేది కొనుక్కోలేదా? సామాను రేపట్నుంచి ఉండేది వాళ్ళింట్లో అండీ. మీ నిజం కొట్టు గుమ్మం దాటితే చాలు మీకు. అక్కడి నుంచి వాళ్ళు దాంతో కాపురం చెయ్యొద్దూ?"

నాకు పశ్చాత్తాపం కలిగిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. నాకు కలిగింది లెక్క. ముప్పై ఏళ్ళలో తిరిగొచ్చినవి రెండే అంటే, అది నేను చెప్పిన ఒక్కదాని వల్ల కాదు, ఆవిడ చెప్పిన మిగతా వాటి వల్ల. అయితే మరీ మంచిది. ఒక నిజం పనిచేస్తుందనుకున్నాం, అది చాలదు, అన్నీ చెప్పాలి. అంతే కదా.

ఆ మర్నాడే మెయిన్ రోడ్డుకి వెళ్ళి అన్నీ చెప్పడం మొదలుపెట్టాను.

"ఈ సోఫాకి నాలుగు లోపాలున్నాయండీ. కుడివైపు స్ప్రింగు దిగింది. వెనక గుడ్డ చిరిగితే కుట్టాను. ఒక చక్రం తిరగదు. ఎండలో పెడితే రంగు దిగుతుంది" అన్నాను, ఒక దంపతులతో.

భార్య భర్త చెవిలో అన్నది నాకు వినబడేలాగే అంది: "నాలుగు పైకే చెప్తున్నాడంటే, చెప్పనివి ఇంకెన్నున్నాయో! పదండి."

తర్వాత వచ్చినాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "ఏంటి పెద్దాయనా, అమ్మడం ఇష్టం లేదా, లేక దొంగ సరుకా?"

ఒక వారం మొత్తం నేను నిజం తప్ప ఏమీ మాట్లాడలేదు, అదీ మొత్తం నిజం. ఒక్క పీట కూడా అమ్ముడుపోలేదు. జిరాక్సు షాపతను వచ్చి, "ఒంట్లో బాగానే ఉందా సార్?" అని అడిగి వెళ్ళాడు.

ఇక పది రోజులే గడువు. ఆ సాయంత్రం అమ్మాయి సొరుగు లాగి, ఉత్తరం తీసి, తారీఖు వేసింది.

"రేపు ఇచ్చేస్తాను నాన్నా. నువ్వు ఒక్కటి చెప్తే తిరిగొస్తున్నాయి, అన్నీ చెప్తే కదలడం లేదు. ఇంకేముంది చెప్పడానికి?"

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నా ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆవిడ్ని సలహా అడగడం అదే మొదలు. చేతులు తుడుచుకుని, "రేపు నేనొస్తాను. ఉత్తరం ఒక్కరోజు ఆపమనండి" అంది.

పొద్దున్నే వచ్చింది. కొట్టంతా ఒకసారి తిరిగింది. "వెనక వాకిలి లేదేం?" అంది, వంట గదిలో పొయ్యి లేదేం అన్నట్టు.

అమ్మాయీ తనూ కలిసి రెండు బీరువాలు వెనక గోడకి మూడడుగుల దూరంలో అడ్డం నిలబెట్టారు. వాటి వెనక బకెట్టు, తడిగుడ్డ, రెండు స్టూళ్ళు. అప్పుడు నా వైపు తిరిగింది.

"మీరు ముందు కూర్చుని ఎప్పటిలాగే ఒక్కటే చెప్పండి. మిగిలినవి దాస్తున్నట్టు ఉండండి."

"దాస్తున్నట్టు ఉండడమేంటే, నేను దాచేవాణ్ణే కదా!"

"అదే, అలాగే ఉండండి. మీకు బాగా వచ్చింది. అమ్మాయి ఇక్కడ తుడుస్తూ మిగతావి చెప్తుంది. మధ్యలో మీరొకసారి, 'ఏంటక్కడ మాటలు, తొందరగా కానివ్వండి' అని గట్టిగా అరవండి."

"నేనెందుకు అరవాలి? నాకిప్పుడు అభ్యంతరం లేదు కదా."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మీకు అభ్యంతరం లేదని తెలిస్తే వాళ్ళెందుకు నమ్ముతారండీ?"

అమ్మాయి ముందుగా టైలరమ్మని పిలిపించింది, తిరిగొచ్చిన అదే మిషన్ చూడమని. ఆవిడ గుమ్మంలోనే చేతులు నడుం మీద పెట్టింది. "మళ్ళీ అదేనా? ఈసారి ఏ నిజం చెప్పి ముంచుతారు?" నేను పెడల్ కిర్రుమంటుందని చెప్పి నోరు మూసుకున్నాను. ఆవిడ మిషన్‌తో పాటు బీరువాల వెనక్కి వెళ్ళింది. గుసగుసలు. బెల్టు జారుతుంది అక్కా, ఈ కొత్త బెల్టు కట్టి చూపిస్తాను, లావు గుడ్డ మాత్రం కుట్టకు, నాలుగు మడతలు దాటితే సూది విరుగుతుంది. యూనిఫారాలకి ఇబ్బంది లేదు.

"ఏంటక్కడ మాటలు! తొందరగా కానివ్వండి!" అని అరిచాను. ముప్పై ఏళ్ళుగా ఇదే అరుపు అరుస్తున్నా, ఈసారే గొంతు కాస్త తడబడింది.

లోపల చప్పుడాగింది. తర్వాత టైలరమ్మ గొంతు, చాలా మెల్లగా: "మీ నాన్న వింటే చంపుతాడేమోనే పిల్లా. నువ్వు బంగారం. ఇలాంటి మాట ముందే చెప్పుంటే అప్పుడు ఆటో ఖర్చు తప్పేదిగా!"

మిషన్ వెళ్ళింది. వారమైనా తిరిగి రాలేదు. బదులుగా టైలరమ్మ చెల్లెలు వచ్చి బల్ల కొనుక్కుంది. బేకరీ ఆయన వేరే మంచం తీసుకెళ్ళాడు. బీరువాల వెనక మా అమ్మాయి అతనికి ఏం చెప్పిందో నాకు తెలియదు, వెళ్తూ వెళ్తూ నన్ను చూసి తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళాడు. ముందు గదిలో చెబితే పారిపోయే నిజాన్నే, కొట్టువాడికి తెలియకుండా వెనక చెబితే చెవులు రిక్కించి వింటున్నారు. మాటలో తేడా లేదు. ఎవరిని మోసం చేసి చెప్తున్నారన్నదే తేడా. జనం నిజమనేది దాన్నే.

పదో రోజు గడిచిపోయింది. సాయంత్రం అమ్మాయి సొరుగులోంచి ఉత్తరం తీసింది. నాలుగు మడతలు పెట్టింది, ఇంకో మడత పెట్టింది. "లే నాన్నా" అంది. లేచాను. నా కుర్చీ పొట్టి కాలు కింద దాన్ని దోపి, "ఇప్పుడు కూర్చో" అంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ కుర్చీ ఊగలేదు.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. మా అమ్మాయి రెండు ముద్దలు ఎక్కువే తింటోంది. తిరిగొచ్చిన సామాను ఒక్కటి, అదీ వాళ్ళ గుమ్మంలో పట్టక. నేను పొద్దున పాత కొట్లో, మధ్యాహ్నం నుంచి మెయిన్ రోడ్డులో కూర్చుంటున్నాను. రెండుచోట్లా నా పని ఒక్కటే: ఒకటి చెప్పడం, మిగిలింది దాచడం, వేళకి అరవడం. ఈ మధ్య అరుపులో జీవం తగ్గిందని మా ఆవిడ అంటే, రెండు రోజులు సాధన కూడా చేశాను.

నిన్న ఒక కొత్త జంట వచ్చింది. నేను వినడం లేదనుకుని, గుమ్మం దగ్గరే మా అమ్మాయి గొంతు తగ్గించి వాళ్ళతో అంటోంది: "ముందే చెప్తున్నానండీ. మా కొట్లో ఒక్కటే లోపం ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నారే, మా నాన్న. ఆయన అన్నీ చెప్పరు."

వాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. ఇక దేనికీ వెతకలేదు. లోపలికి వచ్చేశారు.

లోపం నిజమైందే. చిన్నది. కంటికి కనబడుతోంది. ముందే చెప్పింది, గొంతు తగ్గించి. మా మామయ్య ఉంటే దాని వీపు తట్టేవాడు. దాని వెనక అది ఇంకేం దాస్తోందో అడగాలనిపించింది. అడగలేదు.

ఇక చివరి లెక్క. మొదట చేతిలో ఉన్నవి: బండి ఒకటి, కుర్చీలు మూడు, గడియారం ఒకటి, కిటుకు ఒకటి. ఇప్పుడు ఉన్నవి: కొట్లు రెండు, నోట్లో మాట ఆగని ఆడవాళ్ళు ఇద్దరు, నమ్మకం ఊరి నిండా. ఊగని కుర్చీ ఒకటి. రెండు కొట్లకీ కలిపి, కొనేవాళ్ళకి ముందే చూపించదగిన లోపం ఒకటి. అది ఆ కుర్చీలో కూర్చుని ఉంది.